స్పానిష్ దేశాల్లో దారి తప్పితే వెనక్కి వచ్చే దారి ఎలా అడగాలి? (ఓడ పిల్లలకీ, చదువుకి వెళ్ళేవాళ్ళకీ ఒక కాగితం)

1. బరంపురం_బడి

అందరికీ నమస్కారం. మా గంజాం, గజపతి జిల్లాల నుంచి ఓడ ఉద్యోగాలకీ పై చదువులకీ వెళ్ళే తెలుగు పిల్లల కోసం ఒక కాగితం తయారు చేస్తున్నాను. అటూ ఇటూ ఒకటే పేజీ, మడిచి జేబులో పెట్టుకునేలా. విషయం ఒక్కటే: స్పెయిన్‌లోనో దక్షిణ అమెరికాలోనో ఊళ్ళోకి వెళ్ళి దారి తప్పారు, ఫోన్ ఆగిపోయింది. ఓడ దగ్గరికో హాస్టల్‌కో తిరిగి రావాలి. స్పానిష్‌లో ఏమని అడగాలి?

ఇంగ్లీషు అక్షరాల్లో ఇస్తే ఇంగ్లీషులాగే చదివేస్తారు. అందుకని తెలుగు లిపిలో కావాలి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా చదివిన పిల్లల కోసం తర్వాత నేనే ఒడియా లిపిలోకి మారుస్తాను. ఇప్పటికి నా దగ్గరున్నది ఒకే వాక్యం: "దోందె ఎస్తా ఎల్ ప్వెర్తొ?" (పోర్టు ఎక్కడుంది?)

2. మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మాస్టారూ, మీ వాక్యంలో తప్పేమీ లేదు. చిక్కంతా దానికొచ్చే జవాబుతోనే. "ఎక్కడుంది" అని అడిగితే ఎదుటి మనిషి అరనిమిషం ఏకబిగిన చెప్పేస్తాడు. అడగడానికి నాలుగు వాక్యాలు చాలు, వినడానికి పాతిక మాటలు కావాలి. కాబట్టి కాగితంలో ఒక వైపు ప్రశ్నలు, రెండో వైపు మొత్తం జవాబుల్లో వినిపించే మాటలు పెట్టండి.

ముందు పలకరింపు: పెర్దోన్ లేదా దిస్కుల్పె (క్షమించండి, మర్యాద రూపం). ఆ తర్వాత:

మె ఎ పెర్దీదొ. (దారి తప్పాను.) లాటిన్ అమెరికాలో మె పెర్దీ అంటారు.
కోమొ బ్వెల్బొ అల్ ప్వెర్తొ? (పోర్టుకి వెనక్కి ఎలా వెళ్ళాలి?)
బోయ్ బ్యెన్ పర ఎల్ ప్వెర్తొ? (పోర్టుకి సరైన దారిలోనే వెళ్తున్నానా?)
మె లొ ప్వేదె ఇందికార్ ఎన్ ఎల్ మాప? (మ్యాపులో చూపిస్తారా?)
మాస్ దెస్పాస్యొ, పొర్ ఫబోర్. (కొంచెం నెమ్మదిగా, దయచేసి.)

వీటిలో నాకు అన్నిటికన్నా విలువైనది మూడోది. మొదటిసారి విన్న దారి మొత్తం గుర్తుపెట్టుకోవాలని చూడకూడదు. మొదటి మలుపు మాత్రం పట్టుకుని అక్కడిదాకా నడిచి, అక్కడ ఇంకొకరిని "బోయ్ బ్యెన్ పర…" అని అడగాలి. జవాబు "సీ" అయినా "నో" అయినా చేతి సైగతోనే వస్తుంది.

తిరిగి వెళ్ళడానికి "బోల్బేర్" అన్న క్రియ ఉంది గానీ "నేను" అన్నప్పుడు అది "బ్వెల్బొ" అవుతుంది, మధ్యలో అచ్చు మారుతుంది. పిల్లలు "బోల్బొ" అనేస్తారు. అది కష్టమైతే ర్రెగ్రేసొ వాడమనండి: "కోమొ ర్రెగ్రేసొ అల్ ప్వెర్తొ?" లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ఇదే ఎక్కువ వినిపిస్తుంది, స్పెయిన్‌లోనూ అర్థమవుతుంది.

3. గుణుపురం_22

అక్కా, ఆడపిల్లలు "పెర్దీద" అనాలని ఎక్కడో చదివాను. ఇక్కడ "పెర్దీదొ" అనే రాశారు?

4. మహేంద్రతనయ

మంచి ప్రశ్న. "ఎస్తోయ్" అని మొదలుపెడితే మారుతుంది: మగవాళ్ళు "ఎస్తోయ్ పెర్దీదొ", ఆడవాళ్ళు "ఎస్తోయ్ పెర్దీద". "మె ఎ" అని మొదలుపెడితే ఇద్దరికీ "పెర్దీదొ"నే. అందుకే కాగితంలో "మె ఎ పెర్దీదొ" పెట్టాను. ఒకే వాక్యం అందరికీ పనికొస్తుంది.

5. ప్రాణహిత_ఒడ్డు (సిరోంచ)

మా దిక్కు మరాఠీ బడిల చదివినోళ్లకు ఇది కొత్త గాదు. మరాఠీల మొగోళ్లు "మీ హరవలో" అంటరు, ఆడోళ్లు "మీ హరవలే" అంటరు. గట్లనే అనుకుంటే "ఎస్తోయ్" వాక్యం సుత అల్కగ వస్తది. తెలుగుల "తప్పిపోయిన" అంటే ఎవలైనా ఒకటే, ఒడియాల గూడ అంతే. గందుకే గంజాం దిక్కు పిల్లలకు ఇది తికమక జేస్తది. మాస్టరు, రెండు జిల్లాల పిల్లలకు ఒక్కటే కాయితం జేస్తే అక్క చెప్పినట్టు "మె ఎ" మంచిది.

మర్యాద సంగతి గూడ రాయుండ్రి. స్పానిష్‌ల ఉస్తేద్ అంటే మీరు, తూ అంటే నువ్వు. పైన అక్క రాసిన "దిస్కుల్పె", "ప్వేదె" రెండూ మీరు రూపాలే. జవాబు జెప్పేటోళ్లు మాత్రం కుర్రోళ్లను జూసి నువ్వు అనొచ్చు. అప్పుడు సీగ (ముందుకు పోండి) కాస్త సీగె అయితది, హీరె (తిరగండి) కాస్త హీర అయితది. మాట అదే, తోక మారింది. దానికి పరేశాన్ గావొద్దు.

6. బరంపురం_బడి

ఉచ్చారణ విషయంలో ఇంకా ఏం జాగ్రత్తలు?

7. మహేంద్రతనయ

ఇక్కడ మన పిల్లలకి పెద్ద లాభం ఉంది, ఇంగ్లీషు దాన్ని పాడు చేయకుండా చూసుకోవాలి.

స్పానిష్ త, ద అచ్చంగా మన తమ్ముడు, దారిలో ఉన్నవే. నాలుక కొస పై పళ్ళ వెనక తగలాలి. ఇంగ్లీషు అలవాటుతో "టోడో", "డెరేచా" అంటే నాలుక వెనక్కి మడత పడుతుంది, విన్నవాళ్ళకి వింతగా ఉంటుంది. అందుకే కాగితంలో ట, డ అన్న అక్షరాలు ఒక్కచోట కూడా రాకూడదు. అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ ఐదే. మనలాగే మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఆ చివరి అచ్చు మింగకూడదు, దాన్ని బట్టే అర్థం మారిపోతుంది.

ర రెండు రకాలు. ఒకటి "మర"లో ర, రెండోది "కర్ర, బుర్ర"లో ర్ర. మాట మొదట్లో ర వస్తే ఎప్పుడూ రెండోదే, అందుకే "ర్రెగ్రేసొ" అని రాశాను. "పేరొ" అంటే కానీ, "పెర్రొ" అంటే కుక్క.

హెచ్ అక్షరం పలకదు: హోటల్ అంటే ఒతెల్, "వరకు" అన్న మాట ఆస్త. జె అక్షరం మాత్రం గొంతులోంచి "హ". రెండు ఎల్‌లు పక్కపక్కన ఉంటే చాలాచోట్ల "య": వీధి అంటే కాయె. మనకి ళ్ళ ఉంది కదా అని "కాళ్ళె" అనకూడదు. వి, బి రెండూ ఒకటే "బ". స్పెయిన్‌లో ఎక్కువచోట్ల జెడ్, అలాగే ఇ, ఎ ముందు వచ్చే సి, "థాంక్స్"లో వినిపించే థలాగ ఉంటాయి. లాటిన్ అమెరికాలో స. కాగితంలో స రాయండి, ఎక్కడైనా అర్థమవుతుంది.

ఎక్కడ నొక్కి పలకాలో అక్కడ చాలావరకు దీర్ఘం పెట్టాను. దీర్ఘం సాగదీయడానికి కాదు, బలం పెట్టడానికి.

8. గుణుపురం_22

దెరేచ అంటే కుడి, దెరేచొ అన్నా కుడే కదా?

9. నాగావళి (రాయగడ)

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే తమ్ముడూ. అ ల దెరేచ అంటే కుడివైపు. దెరేచొ అంటే మెక్సికోలో, లాటిన్ అమెరికాలో చాలాచోట్ల తిన్నగా. "సీగ దెరేచొ" అంటే తిన్నగా పొండి అని. కుడికి తిరిగితే పని చెడినట్టే. గుర్తు ఏమిటంటే, కుడి అనాలంటే ముందు "అ ల" వస్తుంది, చివర "అ" ఉంటుంది. స్పెయిన్‌లో తిన్నగా అనడానికి తోదొ ర్రెక్తొ అంటారు కాబట్టి అక్కడ ఈ గొడవ తక్కువ. ఎడమకి అ ల ఇస్క్యెర్ద.

అనుమానం వస్తే చేయి ముందుకి చాచి "అసీ?" (ఇలాగా?) అని అడగడం అన్నిటికన్నా మేలు.

10. మహేంద్రతనయ

జవాబు ఎలా వస్తుందో ఒకటి విడదీసి చూద్దాం. పిల్లలతో ఇదే పదిసార్లు బిగ్గరగా చదివించండి.

"సీగ తోదొ ర్రెక్తొ ఆస్త ఎల్ సెమాఫొరొ, హీరె అ ల ఇస్క్యెర్ద, ఇ ఎస్ ల సెగూంద కాయె అ ల దెరేచ."

సీగ తోదొ ర్రెక్తొ: తిన్నగా పొండి. ఆస్త ఎల్ సెమాఫొరొ: సిగ్నల్ లైటు వరకు. హీరె అ ల ఇస్క్యెర్ద: ఎడమకి తిరగండి. ఇ ఎస్: అప్పుడు అది. ల సెగూంద కాయె: రెండో వీధి. అ ల దెరేచ: కుడివైపు.

తప్పు దొర్లేది ఎక్కువగా "ఆస్త" దగ్గర. ఆ మాట పట్టుకోకపోతే తిన్నగా ఎంతదాకా అన్నది పోతుంది, సిగ్నల్ దాటి వెళ్ళిపోతారు. "ఆస్త" వినగానే దాని తర్వాతి మాటని చెవి పెట్టి పట్టుకోవాలి, ఆగాల్సిన చోటు అదే. అక్కడ వచ్చే మాటలు మహా అయితే ఏడెనిమిది: సెమాఫొరొ (సిగ్నల్), ర్రొతోంద లేదా గ్లొర్యేత (చుట్టు తిరిగే కూడలి), ఎస్కీన (వీధి మూల), ప్లాస (చౌరస్తా, మైదానం), ప్వేంతె (వంతెన), ఇగ్లేస్య (చర్చి), ఎల్ ఫినాల్ దె ల కాయె (వీధి చివర).

ఒకవేళ దాటి వచ్చేసి ఉంటే వాళ్ళు సె ఆ పసాదొ అంటారు, "దాటి వచ్చేశారు" అని. వెంటనే దె ల బ్వెల్త (వెనక్కి తిరగండి) వస్తుంది. ఈ "బ్వెల్త"తో జాగ్రత్త. అ ల బ్వెల్త దె ల ఎస్కీన అంటే మూల తిరగగానే అని. టికెట్ దగ్గర ఈద ఇ బ్వెల్త అంటే రానూపోనూ.

11. ఛత్రపురం_డెక్

ఓడ పిల్లల సంగతి నేను చెబుతాను మాస్టారూ. వాళ్ళకి "ప్వెర్తొ" అన్న ఒక్క మాట చాలదు. బరంపురంలో ఎవరైనా "బస్టాండు ఎటు" అంటే పాతదా కొత్తదా అని అడుగుతాం కదా, అదే ఇక్కడా. బార్సెలోనాలో ఊళ్ళో నిలబడి పోర్టు అంటే పర్యాటకులు తిరిగే పాత రేవు, పోర్ట్ వెల్, వైపు చూపించవచ్చు. సరుకు ఓడలు ఆగేది అక్కడ కాదు. అల్హెసీరస్‌లో పోర్టు అంటే సియూతాకీ టాంజియర్‌కీ ఫెర్రీలు పోయే ప్రయాణికుల స్టేషన్‌కి, ఎస్తస్యోన్ మరీతిమకి, పంపేయవచ్చు. అక్కణ్ణుంచి కంటైనర్ గేటు వేరే చోట ఉంటుంది.

కాబట్టి వాక్యం ఇలా ఉండాలి: "అ ల తెర్మినాల్ దె కొంతెనెదోరెస్, పొర్ ఫబోర్." ఆ వెనకే బెర్త్ (ఓడ ఆగే చోటు): "మి బార్కొ ఎస్తా ఎన్ ఎల్ మ్వేయె…" (మా ఓడ ఫలానా రేవు గట్టున ఉంది). మ్వేయె అంటే ఓడ కట్టే గట్టు. ఓడకి "బార్కొ" మామూలు మాట, కాగితాల మీద బూకె అని ఉంటుంది.

గ్యాంగ్‌వే (ఓడ దిగే నిచ్చెన) దిగేముందు షోర్ పాస్ (ఊళ్ళోకి వెళ్ళే అనుమతి చీటీ) వెనకో వేరే చీటీ మీదో నాలుగు విషయాలు స్పానిష్ అక్షరాల్లోనే రాసి ఉంచుకోవాలి: ఓడ పేరు, టెర్మినల్ పేరు, బెర్త్ నంబరు, ఏజెంటు (రేవులో ఓడ తరఫున పనులు చూసేవాడు) ఫోన్. ఏజెంటుని అక్కడ కొన్సిగ్నతార్యొ అంటారు. ఆ మాట చూపిస్తే గేటు దగ్గర గార్డుకి ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది. ఈ చీటీ ఫోన్లో ఫోటోగా ఉంటే సరిపోదు. ఫోన్ ఆగిపోయిన రోజు కోసమే కదా ఇదంతా. ఓడ బెర్త్ మారడం కూడా ఉంటుంది, దిగిన ప్రతిసారీ నంబరు సరిచూసుకోవాలి.

ఇంకొకటి, ప్వెర్తొ పోర్టు, ప్వెర్త తలుపు లేదా గేటు. చివరి అచ్చు మింగితే రెండూ ఒకటైపోతాయి.

అల్హెసీరస్ ఉన్న దక్షిణ స్పెయిన్ యాసలో చివరి "స్" ఊడిపోతుంది. "దోస్ కాయెస్" (రెండు వీధులు) కాస్తా "దొ కాయె" అని వినబడుతుంది. మహేంద్రతనయ గారు చెప్పిన "సె ఆ పసాదొ" అక్కడ "సె ఆ పసావ్". పుస్తకంలో నేర్చుకున్న మాట వినబడలేదని కంగారు పడొద్దు.

12. ప్రాణహిత_ఒడ్డు

బార్సెలోనా, వలెన్సియా దిక్కు బోర్డుల మీద స్పానిష్ ఒక్కటే ఉండదు. అక్కడి బాస వేరే. వీధికి "కాయె" బదులు కర్రేర్, బయటికి పోయే దారికి సలీద బదులు సుర్తీద, ప్లాసకు గూడ స్పెల్లింగు వేరే. మా సిరోంచల మరాఠీ బోర్డు కింద తెలుగు మాట్లాడినట్టే గదా. స్పానిష్‌ల అడిగితే జవాబు స్పానిష్‌లనే చెప్తరు. బోర్డు చదివేటప్పుడే ఈ మాటలు యాదికుంచుకోవాలె. బిల్బావో దిక్కు పోతే బయటికి ఇర్తేర అని ఉంటది.

13. బరంపురం_బడి

చదువుకి వెళ్ళే పిల్లలకి హాస్టల్, అద్దె గది చిరునామా ఎలా చూపించాలి?

14. మహేంద్రతనయ

బుస్కొ ఎస్త దిరెక్స్యోన్ (ఈ చిరునామా వెతుకుతున్నాను) అని కాగితం చూపించాలి. "దిరెక్స్యోన్" అంటే చిరునామా, దిశ రెండూనూ. మెట్రోలో అదే మాట కనిపిస్తే రైలు ఏ చివరి స్టేషన్ వైపు వెళ్తుందో అని అర్థం.

స్పెయిన్ చిరునామాలో ముందు వీధి, తర్వాత ఇంటి నంబరు, తర్వాత అంతస్తు, తలుపు అక్షరం. ఉదాహరణకి 25, 3 బి అంటే 25వ నంబరు భవనంలో మూడో అంతస్తు, బి తలుపు. అంతస్తుల లెక్క మనలాగే: నేల మీదున్నది బాహొ, దాని పైది ఒకటోది. అక్షరం బదులు ఎడమ, కుడి అన్న మాటలని కుదించి రాస్తే మెట్లెక్కాక ఎడమ తలుపు, కుడి తలుపు అన్నమాట.

"ఎస్తస్యోన్" (స్టేషన్) అన్న మాట ఒంటరిగా వాడొద్దు. దె త్రెన్ (రైలు), దె అవుతొబూసెస్ (బస్సు), దె మేత్రొ ఏదో ఒకటి కలపాలి. మాద్రిద్‌లో మెట్రో పొద్దున్న 6 ప్రాంతంలో మొదలై మామూలుగా రాత్రి 1.30కి ఆగిపోతుంది. ఆ తర్వాత రాత్రి బస్సులు. వాటిని అక్కడ బూఒస్ అంటారు, గుడ్లగూబలు అని. ఎక్కువ సిబేలెస్ కూడలి నుంచి బయల్దేరతాయి. అర్ధరాత్రి దారి తప్పితే హాస్టల్ పేరు కన్నా ముందు "సిబేలెస్" అని అడగడం తేలిక.

చిన్న ఊళ్ళలో మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా చాలా దుకాణాలు మూసి ఉంటాయి, వీధిలో అడగడానికి మనిషి దొరకడు. అప్పుడు ఆకుపచ్చ శిలువ గుర్తు వెలుగుతున్న మందుల షాపు గానీ తెరిచి ఉన్న బార్ గానీ చూసుకోవాలి. అక్కడ బార్ అంటే కాఫీ, టిఫిన్ కూడా దొరికే చోటు, లోపలికి వెళ్ళి అడగడానికి సంకోచం అక్కర్లేదు.

15. గుణుపురం_22

అంకెల్లో ఏమైనా తికమకలున్నాయా?

16. ఛత్రపురం_డెక్

ఉన్నాయి. దోస్ 2, దోసె 12. త్రేస్ 3, త్రేసె 13. సెసేంత 60, సెతేంత 70. బస్సు నంబరు, బెర్త్ నంబరు చెవితో విని వదిలేయకూడదు. మె లొ ప్వేదె ఎస్క్రిబీర్? (రాసిస్తారా?) అని పెన్ను ఇవ్వాలి. అక్కడ చేత్తో రాసే 1కి పైన పొడుగు తోక ఉంటుంది, చూడ్డానికి మన 7లా. వాళ్ళ 7కి నడుమ అడ్డగీత ఉంటుంది. ఇది తెలియక 1 చూసి 7 అనుకుంటారు.

17. నాగావళి

లాటిన్ అమెరికాకి కాగితంలో కొంచెం చోటు ఉంచండి, మాటలు చాలా మారతాయి.

అన్నిటికన్నా ముందు: స్పెయిన్‌లో బస్సు ఎక్కడానికి కొహేర్ అంటారు. మెక్సికోలో, అర్జెంటీనాలో అది బూతు. తొమార్ అన్నిచోట్లా చెల్లుతుంది, పిల్లలకి అదొక్కటే నేర్పండి. బస్సుకి స్పెయిన్‌లో అవుతొబూస్, మెక్సికోలో కమ్యోన్, అర్జెంటీనాలో కొలెక్తీబొ, క్యూబాలోనూ స్పెయిన్‌కి చెందిన కానరీ దీవుల్లోనూ గ్వాగ్వ. రెండు అడ్డవీధుల మధ్య దూరాన్ని స్పెయిన్‌లో మన్సాన అంటారు, ఆ మాటకి యాపిల్ అని కూడా అర్థం. లాటిన్ అమెరికాలో క్వాద్ర. మలుపుకి "హీరె" బదులు దోబ్లె వినబడుతుంది. నడిచి వెళ్ళొచ్చా అనడానికి స్పెయిన్‌లో "సె ప్వేదె ఇర్ అందాందొ?", లాటిన్ అమెరికాలో "కమినాందొ?".

బ్యూనస్ ఎయిరెస్‌లో ఇంటి నంబర్లు క్వాద్రకి వంద చొప్పున పెరుగుతాయి. మీరు 1850 దగ్గర ఉన్నారు, వెళ్ళాల్సింది అదే వీధిలో 1250 అంటే ఆరు క్వాద్రలు, ఎవర్నీ అడగక్కర్లేదు. అక్కడ "కాయె" అనరు, కాషె అంటారు. కొలంబియాలో "కాయె 10, నంబరు 5-23" అంటే పదో కాయె మీద, ఐదో కర్రేర మూల నుంచి 23 మీటర్లు. కాయె, కర్రేర ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తాయి. బొగొతాలో కొండలు తూర్పున ఉంటాయి, కొండ ఎటుందో చూసుకుంటే దిక్కు తెలిసిపోతుంది.

కోస్తారికాలో, నికరాగ్వాలో వీధి పేరు అడిగి లాభం లేదు. "చర్చికి ఉత్తరాన 200 మీటర్లు" అంటారు, అక్కడ వంద మీటర్లంటే కొలత కాదు, ఒక క్వాద్ర అని. నికరాగ్వా రాజధాని మనాగ్వాలో అయితే ఉత్తరం అనడానికి అల్ లాగొ (చెరువు వైపు), తూర్పుకి అర్రీబ (పైకి), పడమరకి అబాహొ (కిందికి). పొద్దు పైకొచ్చేది తూర్పున, దిగేది పడమట, అదీ లెక్క. "పైకి" అన్నారని మెట్లు, గుట్ట వెతకొద్దు. 1972 డిసెంబరు భూకంపంలో పోయిన భవనాలను కూడా ఇప్పటికీ గుర్తుగా చెబుతారు: దె దోందె ఫ్వె… అంటే "ఫలానాది ఉండిన చోటు నుంచి". ఆ మాట వినబడితే ఆ భవనం కోసం కళ్ళతో వెతకడం మాని, పక్కవాళ్ళని అడగాలి. తూర్పు వీధి, పడమటి వీధి అని దిక్కులతో చెప్పుకునే మన ఊరి పిల్లలకి ఇది త్వరగా అలవాటవుతుంది.

18. బరంపురం_బడి

ఫోన్ చార్జింగ్, అత్యవసరం?

19. మహేంద్రతనయ

మె ఎ కెదాదొ సిన్ బతెరీఅ (చార్జింగ్ అయిపోయింది). మె దేహ కర్గార్ ఎల్ మోబిల్? (ఫోన్ చార్జింగ్ పెట్టుకోనిస్తారా?) లాటిన్ అమెరికాలో "మోబిల్" బదులు సెలులార్.

స్పెయిన్‌లో అత్యవసర నంబరు మనలాగే 112, ఉచితం. మెక్సికోలో 911, కొలంబియాలో 123. చిలీలో పోలీసులకి 133, పెరూలో 105. ఇవి దారి అడగడానికి కాదు, ప్రమాదంలో ఉన్నప్పుడే.

20. బరంపురం_బడి

కాగితం ముందు వైపు ఇలా కూర్చాను, తప్పులుంటే చెప్పండి:

పెర్దోన్. మె ఎ పెర్దీదొ.
కోమొ ర్రెగ్రేసొ అ ల ప్వెర్తొ?
అ ల తెర్మినాల్ దె కొంతెనెదోరెస్, పొర్ ఫబోర్.
బుస్కొ ఎస్త దిరెక్స్యోన్.
బోయ్ బ్యెన్ పర…?
మె లొ ప్వేదె ఎస్క్రిబీర్?
మాస్ దెస్పాస్యొ, పొర్ ఫబోర్. గ్రాస్యస్.

21. మహేంద్రతనయ

రెండో వరుస మార్చండి మాస్టారూ. "అ ల" స్త్రీలింగం మాటలకి: అ ల ఎస్తస్యోన్, అ ల తెర్మినాల్. ప్వెర్తొ, ఒతెల్, బార్కొ పుంలింగం, వాటికి "అల్". "అ ల" అని మొదలుపెట్టి చివరి ఒ మింగితే విన్నవాళ్ళకి "అ ల ప్వెర్త" అని వినబడుతుంది, దగ్గర్లో ఉన్న తలుపు చూపిస్తారు. "కోమొ ర్రెగ్రేసొ అల్ ప్వెర్తొ?" అని రాసి, "అల్" కింద గీత గీయండి.

22. ఛత్రపురం_డెక్

మూడో వరుస కింద రెండు అంగుళాలు ఖాళీ వదలండి. ఓడ పేరు, బెర్త్ అక్కడ పెన్సిల్‌తో రాసుకుంటారు, బెర్త్ మారితే చెరిపి మళ్ళీ రాయొచ్చు.